ఖాళీ గడి

ముప్పై ఒక్కేళ్లు పరాయి పిల్లల పేపర్ల మీద ఎర్ర గీతలు గీసిన మనిషి మార్త టీచరు. అలాంటి మనిషి రాసినదాని మీద మంగళవారం పొద్దున పదింటికి ఒక కంప్యూటరు ఎర్ర గీత గీసింది. ఒకే ఒక్క గీత. అయితేనేం, ఆవిడ ముఖం మీరు చూసి ఉండాల్సింది! కళ్లజోడు తీసింది, కొంగుతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది. గీత అక్కడే ఉంది.

“భానూ, ఇలా రావయ్యా ఒకసారి. నీ కంప్యూటరుకేదో తిక్క పుట్టింది.”

భానుప్రకాశ్ కూర్చున్న కుర్చీతోనే జరుక్కుంటూ వచ్చాడు. ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఇంజినీరు అతను. ఇద్దరు పిల్లల తండ్రి, అయినా టీచరు ముందు ఇంకా తొమ్మిదో తరగతి కుర్రాడిలాగే నిలబడతాడు.

“తిక్క గాదు మేడమ్. తప్పులు పట్టనీకి కొత్త ప్రోగ్రాం రాసిన గదా, నిన్ననే షురూ చేసిన. పాత కేసులన్నీ తిరగదోడుతున్నది. మీ నలభై ఆరో కేసుల రెండు మాటలు ఒకదాంతోని ఒకటి కొట్లాడుతున్నయ్.”

“నా కేసులోనా?”

“మీ దాంట్లనే.”

ఆ ఆఫీసు సంగతి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే టీచరు పడ్డ హైరానా మీకు అర్థం కాదు. రెజిమెంటల్ బజార్‌లో ట్రంకు పెట్టెల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉంటుంది. పేరుకు కంపెనీయే గానీ లోపల ఉన్నది తొమ్మిదిమంది, చల్లబరచని ఒక వాటర్ కూలరు. ఆసుపత్రుల నుంచి వాళ్లకు పసిపిల్లల కేసు షీట్లు వస్తాయి. పేర్లు కొట్టేసి నంబర్లు వేసి పంపుతారు. అన్నీ ఏ జబ్బో అంతుపట్టని పిల్లలవే. ఒక డాక్టరు ఫిట్స్ అని రాస్తాడు, ఇంకొకాయన మూర్ఛ అంటాడు, మరొకాయన రాసింది ఆయనకే తెలియాలి. ఇవన్నీ ఒకటేనని కంప్యూటరుకు ఎవరో ఒకరు చెప్పాలి కదా? ఆ చెప్పే ఉద్యోగం మార్త టీచరుది.

చెప్పడానికి ఒక పద్ధతుంది. మనిషికి రాగల లక్షణాలన్నిటినీ ఒక పెద్ద చెట్టుగా అమర్చి పెట్టుకున్నారు. దాన్ని వాళ్లు ఆంటాలజీ అంటారు. టీచరు ఇంట్లో భర్త యేసురాజుకు మాత్రం ‘లక్షణాల చెట్టు’ అనే చెప్పింది. పైన పెద్ద కొమ్మ, దాని కింద చిన్న కొమ్మలు. కనుబొమ్మలు పలచబడటం అనేది జుట్టులో లోపం అనే కొమ్మ కింద ఉంటుంది. బుట్టలో జామకాయ ఉందంటే పండు ఉన్నట్టే. పండ్లే లేవంటే జామకాయ కూడా లేనట్టే. ఆ మాత్రం తర్కం చాలు కంప్యూటరుకు. షీట్లో ఉన్న లక్షణాలను వేల జబ్బులతో పోల్చి చూసి, బాగా కలిసిన పది జబ్బుల జాబితా డాక్టరుకు పంపుతుంది. డాక్టర్లకు ఊపిరాడదు, పదకొండోది చూసేవాడు ఉండడు.

మరి బుట్ట మూత తియ్యనే లేదనుకోండి? అప్పుడు ఉందనీ రాయకూడదు, లేదనీ రాయకూడదు. గడి ఖాళీగా వదిలెయ్యాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మేనేజరు అనుపమ ఈ సంగతి చెప్పింది. టీచరు తల ఊపింది. తల ఊపడానికేముంది, ఎవరైనా ఊపుతారు.

“చూడుండ్రి మేడమ్,” భానుప్రకాశ్ తెర మీద వేలు పెట్టాడు. “ఈడ జుట్టుల లోపం ‘లేదు’ అని పెట్టిన్రు. కిందికొస్తే కనుబొమ్మలు పలచగ ‘ఉన్నయ్’ అన్నరు. రెండు ఎట్లయితయ్? గా కనుబొమ్మల లైన్ తీసేసిన్రనుకో, సాఫ్ అయిపోతది. నాలుగింటికి రిలీజ్ ఉంది.”

రిలీజ్ అంటే మూడు నెలలకోసారి వాళ్ల దగ్గరున్న కేసులన్నీ సరిచూసి, ముద్ర వేసి, ఆసుపత్రులన్నిటికీ తెరవడం. తెరిచాక దాంట్లో ఏముంటే అదే నిజం.

టీచరు వేలు తీసివేసే మీట మీదికి వెళ్లింది. వెళ్లిందనే చెప్పాలి, దాచుకోవడం ఎందుకు? ఒక్క నొక్కు నొక్కితే ఎర్ర గీత పోతుంది, ఎవరూ అడగరు. కానీ ఆవిడ పంతులమ్మ. తప్పు పడితే ఎందుకు తప్పో చూడకుండా వదిలే రకం కాదు.

“అసలు షీటు తియ్యవయ్యా.”

తీశాడు. ఐదు నెలల కిందటి షీటు. ఆడపిల్ల, రెండున్నరేళ్లు. ఫిట్స్. నోటి చుట్టూ ఎర్రగా దద్దుర్లు, మందు రాస్తే తగ్గి మళ్లీ వస్తున్నాయి. నడకలో తూలుడు. అడుగున ఎక్కడో, పోయేముందు గుర్తొచ్చినట్టు, కనుబొమ్మలు పలచన అని డాక్టరు చిన్నగా రాశాడు. చెవి పరీక్ష గడి ఖాళీ. పక్కన పెన్సిలుతో ‘మిషన్ రిపేర్’ అని ఉంది. జుట్టు గడిలో ఒక అడ్డగీత, దాని పక్కన ‘గుండు, మొక్కు’.

ఈ రెండు గడులకూ మార్త టీచరు ఐదు నెలల కిందట పెట్టిన మాట ఒకటే. లేదు, లేదు.

గుండు సంగతి ఆవిడకు గుర్తుంది. అప్పుడేమనుకుందో కూడా గుర్తుంది. గుండు అంటే మొక్కు, మొక్కు అంటే ఇంట్లో సంబరం, దానికీ జబ్బుకూ ఏం సంబంధం అనుకుంది. తమ ఇళ్లల్లో లేని ఆచారం కాబట్టి ఆ పైన ఆలోచన పోలేదు. చెవి గడి మరీ సులువు. పిల్లలు ప్రశ్నకు జవాబు రాయకుండా వదిలేస్తే ముప్పై ఒక్కేళ్లు ఏం చేసింది? సున్నా చుట్టింది. ఖాళీ కనిపిస్తే చెయ్యి దానంతట అదే సున్నా చుడుతుంది. చేరిన కొత్తలో ఆ చెయ్యి అదే పని చేసింది.

“అయ్యో ప్రభువా,” అంది టీచరు, గట్టిగానే.

“ఏమైంది మేడమ్?”

“ఈ పాప జుట్టు ఎవరూ చూడలేదు భానూ. ఉంటే కదా చూడ్డానికి! చెవులూ చూడలేదు. చూడనిదాన్ని లేదని రాశాను నేను. తియ్యి, ఆ రెండు లేదులూ తీసేసి మళ్లీ పోల్చు.”

పోల్చాడు. అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషంలో టీచరు కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

ఐదు నెలల కిందట నలభై మూడో చోట ఉన్న ఒక జబ్బు ఇప్పుడు ఆరో చోటికి వచ్చి కూచుంది. బయోటినిడేజ్ లోపం. బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి తిరిగి వాడుకోవడం చేతకాకపోవడం. ఫిట్స్, దద్దుర్లు, తూలుడు, జుట్టు ఊడటం, వినికిడి పోవడం. అప్పుడు వినికిడి లోపం లేదు, జుట్టు లోపం లేదు అని ఆవిడ ఖాయంగా చెప్పింది కాబట్టి కంప్యూటరు దాన్ని వెనక్కి నెట్టింది. దాని తప్పేముంది, టీచరమ్మ చెప్తే నమ్మింది.

మందు ఏమిటో చదివింది. రోజూ ఒక విటమిన్ మాత్ర, బతికినంతకాలం. అంతే. ఫిట్స్ తగ్గుతాయి, దద్దుర్లు పోతాయి, జుట్టు వస్తుంది. కింద ఇంకో వాక్యం ఉంది. మందు మొదలుపెట్టేలోపు పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు.

ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ఐదు నెలలు. నూట యాభై మాత్రలు.

లేచి, అనుపమ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది.

అనుపమ ఒకప్పుడు టీచరు దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు నలభై దాటింది, జుట్టులో ఒక పాయ తెల్లబడింది. టీచరు రిటైరై ఇంట్లో తోచక యేసురాజు ప్రాణం తోడేస్తుంటే, ఆవిడే పిలిచి ఈ ఉద్యోగం ఇచ్చింది. అంతా విని, కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది.

“ఇలాంటివి ఇంకెన్ని ఉండొచ్చు టీచర్?”

“నా మొదటి డెబ్బై కేసుల్లో ఎన్నయినా ఉండొచ్చు. తర్వాత ఒకసారి నువ్వు మందలించాక దారిలో పడ్డాను.”

“సరే. ఆ డెబ్బై పక్కనపెట్టి మిగతావి విడుదల చేద్దాం. ఆసుపత్రికి అధికారికంగా ఉత్తరం రాస్తాను. లాయరు ఒకసారి చూడాలి. రెండుమూడు రోజుల్లో పంపిద్దాం.”

“రెండుమూడు రోజులా?” టీచరు గొంతు లేచింది. “అనుపమా, అది చెవి! రోజుకింత పోతూ ఉంటే లాయరు వచ్చేదాకా ఆగుతుందా అది?”

“టీచర్, కూచోండి.”

“కూచోను.”

అనుపమ నవ్వబోయి మానుకుంది. “మీకు గుర్తుందో లేదో. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నేను చివరి పేజీ మొత్తం ఖాళీగా ఇచ్చాను. మీరు సున్నా వేసి, రానిది రానట్టే రాశావు, సంతోషం అన్నారు క్లాసులో. నాకు ఆ రోజు నూట మూడు జ్వరం టీచర్. ఆ పేజీ తిప్పనే లేదు. తిప్పి ఉంటే అన్నీ రాసేదాన్ని.”

టీచరుకు గుర్తులేదు. ఎంతమంది పేజీలని గుర్తుంటాయి? కానీ చెవులు వేడెక్కాయి. ముప్పై ఒక్కేళ్లలో ఇలా ఎంతమందికి సున్నా చుట్టిందో అనిపించింది.

“ఇప్పుడెందుకు చెప్పానంటే,” అనుపమ కంప్యూటరు వైపు తిరిగింది, “మిమ్మల్ని ఏడిపించడానికి కాదు. ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. లాయరు సంగతి నేను చూసుకుంటా. మీరే పట్టుకెళ్లి డాక్టరు చేతికివ్వండి. మీ పేరు రాయక్కర్లేదు, కంపెనీ తప్పు అని రాస్తే చాలు.”

“నా పేరు రాయి. చేసింది కంపెనీ కాదు.”

రాసింది. కాగితం ఇంకా వేడిగా ఉండగానే టీచరు మెట్లు దిగింది. ఆటోవాడు మీటరు వెయ్యనంటే దారి పొడుగునా వాడితో పోట్లాడింది. పోట్లాడటానికి ఎవరో ఒకరు కావాలి, పాపం వాడు దొరికాడు.

పిల్లల ఆసుపత్రిలో ఆ షీటు రాసిన డాక్టర్ సత్యదేవ్ ఓపీ గది ముందు ఎనభైమంది ఉన్నారు. గంటన్నర నిలబడింది. బెంచీ మీద ఖాళీ ఉన్నా కూచోలేదు. లోపలికి పిలిచాక ఉత్తరం చేతికిచ్చి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

ఆయన రిజిస్టరు తెప్పించి పేజీ వెతికాడు. “మీరు పంపిన పదీ ఒక్కొక్కటే చూశామండీ. ఒక్కటీ కాదు. ఫిట్స్‌కి మందిచ్చి పంపించాం. నెల తర్వాత రమ్మన్నాను, రాలేదు.” కళ్లు నులుముకున్నాడు. “ఫిట్స్, దద్దుర్లు. మీ లిస్టులో లేకపోతే మాత్రం, నాకు తట్టొద్దా?”

“మీకు తట్టకపోవడానికి కారణం నేనే డాక్టరుగారూ.”

“కొంత మీరు, కొంత నేను, కొంత ఆ చెవి మిషన్. ఇప్పుడు పంచుకుని ఏం లాభం లెండి.” ఫోన్ తీసి పాప తండ్రి నంబరు నొక్కాడు. ఆ నంబరు మనుగడలో లేదని ఫోను చెప్పింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి చెప్పింది.

ఆసుపత్రి తరఫున ఇళ్లకు తిరిగే నర్సు శ్యామలమ్మను పిలిపించాడు. యాభై ఏళ్ల మనిషి, భుజాన సంచి, కాళ్లకు మగవాళ్ల చెప్పులు. అడ్రసు చూసి, “బన్సీలాల్‌పేట్ల మెట్లబావి ఎన్క గల్లీ. ఎర్కే నాకు. రేపు పొద్దుగాల్నే పోత సార్,” అంది.

“నేనూ వస్తాను,” అంది టీచరు.

“రాకూడదు,” అన్నాడు డాక్టరు, మెత్తగానే. “ఆ పాప పేరు కూడా మీకు తెలియకూడదు. మీ కంపెనీతో మా ఒప్పందమే అది. మీరు నంబరు దగ్గరే ఆగాలి.”

అదీ వరస. తప్పు చెయ్యడానికి పేరు అక్కర్లేదు, దిద్దుకోవడానికి వెళ్తే మాత్రం పేరు అడ్డం. టీచరు బయటికొచ్చి వరండాలో శ్యామలమ్మ చేతిలో తన ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టింది. “పేరు చెప్పొద్దమ్మా. దొరికిందో లేదో అంతే చెప్పు.”

“గట్లనే అక్కా. గంత పరేషాన్ గాకు.”

కాకుండా ఎలా ఉంటుంది? బుధవారం ఉదయం నుంచి తన మొదటి డెబ్బై కేసులూ ముందేసుకుంది. ఒక్కో షీటూ తీసి, ఖాళీ గడి ఎక్కడుందో, దాని మీద తను ‘లేదు’ ఎక్కడ పెట్టిందో వెతికింది. సాయంత్రానికి ఇరవై మూడు కేసులు తేలాయి. ఒక్కొక్కటీ సరిచేసి మళ్లీ పోల్పించింది. నలభై ఆరు పోగా మిగిలిన ఇరవై రెండింటిలో పై పదీ ఏం మారలేదు. భానుప్రకాశ్ ఒక్కొక్కటి అయినప్పుడల్లా “ఇది సేఫ్ మేడమ్,” అంటుంటే ఆవిడ తల ఊపుతోంది గానీ చెవి ఫోన్ మీదే ఉంది. శ్యామలమ్మ మధ్యాహ్నం చేసిన ఫోన్ ఒక్కటే. బన్సీలాల్‌పేట్‌లో ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. పాపవాళ్లు ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైంది. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఆరింటికి వాళ్ల పేటలో ప్రార్థన కూటం. ఈ వారం ప్రార్థన చెయ్యాల్సిన వంతు టీచరుది. అందరి జ్వరాలూ, పరీక్షలూ, ప్రయాణాలూ దేవుడికి ఒప్పజెప్పాక, “ప్రభువా, నలభై ఆరును నీ చేతిలో పెడుతున్నాను. ఎక్కడుందో నాకు తెలియదు, నీకు తెలుసు,” అంది. వెనక కూచున్న శారదమ్మ గబగబా పాటల పుస్తకం తెరిచి నలభై ఆరో పాట వెతికింది. యేసురాజు ఆవిడకు సైగచేసి వద్దన్నాడు.

ఇంటికి నడుస్తూ ఆయన, “రైల్వేలో ముప్పై ఆరేళ్లు చేశాను నేను. తప్పు చెయ్యనివాడు ఒక్కడు కనపళ్లేదు. నువ్వు ఒప్పుకున్నావు, దిద్దావు. ఇక నిద్రపో మార్తా,” అన్నాడు.

“మీరు చేసిన తప్పుకు రైలు లేటయ్యేదండీ. నా తప్పుకు ఒక పిల్ల చెవి పోతోంది. రెండూ ఒకటేనా?”

పాపం ఆయనేం చేస్తాడు, ఓదారిస్తే తంటా, ఓదార్చకపోతే తంటా.

గురువారం ఏ కబురూ లేదు. టీచరు ఆఫీసు మెట్లు ఆ రోజు పదకొండుసార్లు ఎక్కి దిగింది. లోపల సిగ్నల్ సరిగా ఉండదని సాకు. కింద ట్రంకు పెట్టెల దుకాణం ధర్మరాజు చూసి చూసి, “ఏమైనా పోగొట్టుకున్నరా అమ్మా?” అని అడిగాడు. లేదంది. తర్వాత అవునంది. ఆయన అయోమయంగా లోపలికి పోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది. టీచరు టిఫిన్ డబ్బా మూత అలాగే వదిలేసి మెట్ల మీదికి పరుగెత్తింది.

“దొరికిన్రక్కా!” శ్యామలమ్మ గొంతు వెనక ఇటుకలు దించుతున్న చప్పుడు. “యాప్రాల్ల ఉన్నరు. కొత్త అపార్ట్‌మెంట్ కడ్తున్నరు, తండ్రి ఆడ వాచ్‌మన్. పాత గల్లీల కిరాణా దుకాణమాయన చెప్పిండు. రెండు దినాలు తిరిగిన. కాళ్లు పడిపోయినయ్ గానీ దొరికిన్రు.”

“పాప ఎలా ఉంది?”

“ఫిట్స్ ఒస్తనే ఉన్నయంట. మూతి సుట్టు గట్లనే ఎర్రగుంది. నెత్తికి టోపీ పెట్టిన్రు. నేను తీసి సూసిన. ఒక్క ఎంటిక లేదక్కా.”

“గుండు మళ్లీ చేయించారా?”

“యాడిది! గుండు కొట్టించి ఐదు నెలలు దాటె. మళ్ల మొలవలే. నాయనమ్మ చెప్పింది. శురువుల జుట్టు కుచ్చులు కుచ్చులు రాలిందంట. దిండు మీద, దువ్వెనల, ఎక్కడ సూసినా జుట్టే. గందుకని కొమురెల్లి మల్లన్నకు మొక్కిన్రంట. గుండు చేయిస్తే గట్టిగ ఒస్తదని. గా మొక్కు తీర్చిన మూడో దినమే డాక్టర్ సార్ తాన తీస్కొచ్చిన్రు.”

టీచరు మెట్టు మీద కూచుంది. జుట్టు ఊడుతోందనే గుండు చేయించారు. ఆ గుండు చూసి డాక్టరు గీత గీశాడు, ఆ గీత చూసి తను లేదని రాసింది. ఆ బిడ్డ తల మీద ఉన్న రోగాన్ని ముగ్గురూ కలిసి తుడిచేశారు. వాళ్లు భక్తితో, ఆయన తీరికలేక, తను అలవాటుకొద్దీ.

“అక్కా, ఉన్నవా?”

“ఉన్నాను. చెవులు? చెవులు ఎలా ఉన్నాయమ్మా?”

శ్యామలమ్మ పక్కకు జరిగినట్టుంది. ఇటుకల చప్పుడు తగ్గింది.

“ఎన్కనుంచి పిలిచిన. తిరగలే. తాళంచెవుల గుత్తి ఊపిన. జెర గట్టిగ ఊపితే తిరిగింది. ఇంట్లోళ్లను అడిగితే, పిలిస్తే పలుకదు, మొండిది అంటున్నరు. కొడ్తరంట సుత అప్పుడప్పుడు.”

“ఎప్పటి నుంచి అలా ఉందో అడిగావా?”

“అడిగిన. ఏం చెప్తరక్కా? మొండిది అనుకున్నంక ఎప్పటిసంది అని ఎవరు యాదుంచుకుంటరు?”

ఆ రోజే ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగకుండానే డాక్టర్ సత్యదేవ్ మాత్ర మొదలుపెట్టించాడు. వారం తర్వాత పరీక్షా అదే తేల్చింది. అనుపమ ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టి, “మీరే చదవండి టీచర్,” అంది. టీచరు చదివింది. ఆనందపడాలో ఏడవాలో తెలియక, ముందు వెళ్లి ముఖం కడుక్కుంది.

ఉద్యోగం పోతుందని ఆవిడకు గట్టి నమ్మకం ఉండేది. పోలేదు. పోకపోవడం కూడా ఆవిడకు ఇబ్బందిగానే ఉంది. అనుపమ చేసిందల్లా ఒకటే. కొత్తగా చేరినవాళ్లకు ఖాళీ గడి గురించి మొదటి రోజు పాఠం ఇకమీదట టీచరే చెప్పాలంది. “నలభై ఆరో కేసే చెప్పండి. మీ పేరుతోనే చెప్పండి,” అంది.

రిపేరు నుంచి చెవి పరీక్ష మిషన్ వచ్చాక, ఇంకో పదిహేను రోజులకు, నలభై ఆరో కేసు రెండో షీటు ఆఫీసుకు వచ్చింది. భానుప్రకాశ్ దాన్ని తన దగ్గర ఉంచుకోబోయి, టీచరు చూపు చూసి ఇచ్చేశాడు. ఆమె పక్కనే కుర్చీ జరుపుకున్నాడు.

ఫిట్స్, పన్నెండు రోజులుగా రాలేదు. దద్దుర్లు, తగ్గాయి. నడక, మెరుగు. జుట్టు, తల వెనక సన్నగా మొలుస్తోంది. టీచరు ఒక్కో మాటకూ చెట్టులో కొమ్మ వెతికి, నంబరు పెట్టుకుంటూ వచ్చింది. చెవి పరీక్ష గడి ఈసారి నిండుగా ఉంది. రెండు చెవులా వినికిడి లోపం, మధ్యస్థం. చెవి మిషన్లు పెట్టాలి. ‘ఉంది’ అని పెట్టింది.

దాని పక్కన ఇంకో చిన్న గడి ఉంటుంది. ఎప్పటి నుంచి? అని.

షీట్లో ఆ చోట డాక్టరు ఏమీ రాయలేదు. కింద చిన్న అక్షరాలతో ‘తల్లి చెప్పలేకపోయింది’ అని మాత్రం ఉంది.

టీచరు ఆ గడి వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్ని రోజులుగా పగలూ రాత్రీ ఆవిడ దేవుడిని అడిగింది ఆ ఒక్కటే. ఐదు నెలల కిందట పాప ఆసుపత్రికి వచ్చేనాటికే వినికిడి పోయి ఉంటే, తన ‘లేదు’ వల్ల చెవికి పోయింది ఏమీ లేదు. ఆ తర్వాత పోయి ఉంటే, పోగొట్టింది తనే. కంప్యూటరు రెండూ చూపిస్తోంది, ఒకదాని కింద ఒకటి. డాక్టరు మొదటిసారి చూసేలోపు. మొదటిసారి చూశాక. ఏదో ఒకటి నొక్కితే చాలు. నేరమైనా సరే, ఒకటి తేలితే కాళ్లు ఒకచోట నిలుస్తాయి అనిపించింది.

“ఏది పెట్టాలె మేడమ్?” భానుప్రకాశ్ మెల్లగా అడిగాడు. “ముందే పోయి ఉంటది. పెట్టేయుండ్రి. ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలియదని నాకు తెలుస్తుంది కదయ్యా.”

ఏదీ నొక్కలేదు. భద్రపరిచే మీట నొక్కింది. గడి ఖాళీగా ఉంది, అలాగే వదిలెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. భానుప్రకాశ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

టీచరు కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. అవును అని నొక్కింది. తర్వాత ఇంకో కేసు షీటు తీసుకుంది.